పొగపెట్టెలో సెన్సర్ ఎక్కడ?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. స్టీలు డ్రమ్ములో 1500 వాట్ల హీటర్ పెట్టి స్మోకర్ (మాంసాన్ని పొగలో వండే పెట్టె) చేశాను. మూత కింద సెన్సర్ 120 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది, కోడి మాత్రం లోపల పచ్చిగానే ఉంటోంది. ఎందుకని?

జవాబు: వేడి గాలి పైకి పోతుంది కదండీ, మూత దగ్గర ఎక్కువే చూపిస్తుంది. నేనూ మొదట అక్కడే బిగించి రెండు ఆదివారాలు మాంసం పాడుచేశాను. సెన్సర్‌ను మాంసం పెట్టే జాలీ ఎత్తుకు దించండి. మాంసానికి రెండంగుళాల ఎడం ఉంచండి, చల్లటి ముక్క చుట్టూ గాలీ చల్లగానే ఉంటుంది. డ్రమ్ము గోడకు తగలకూడదు, హీటర్‌కు నేరుగా పైన ఉండకూడదు. వేడిని బట్టి హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే కంట్రోలర్‌కు ఈ సెన్సర్‌నే కలపండి.

రెండో సెన్సర్ ఒకటి మాంసంలోకి గుచ్చాలి. కోడికైతే తొడ మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా. అక్కడ 74 డిగ్రీలు వచ్చేదాకా దించొద్దు, ఇంట్లో పిల్లలుంటే మరీను.

చాలామంది చవకగా దొరికే డీఎస్18బీ20 అనే చిప్ సెన్సర్ వాడతారు. దాని హద్దు 125 డిగ్రీలే, మీ స్మోకర్‌కు అది చాలదు. ఇంకా ఎక్కువ వేడికి తట్టుకునే కె-టైప్ థర్మోకపుల్ (రెండు రకాల లోహపు తీగలు కలిపి చేసిన సెన్సర్) కొనండి. బిగించే ముందు మరిగే నీళ్లలో ముంచి చూడండి, మీ ఊళ్లో దాదాపు 100 చూపాలి. కంట్రోలర్ మొరాయిస్తే హీటర్ ఆగేలా విడిగా ఒక థర్మల్ కటాఫ్ కూడా పెట్టండి.