కారు బదిలీ ముందు, వార్డు ఆఫీసు తరువాత

ప్రశ్న: జపాన్‌లో ఉద్యోగరీత్యా ఉంటున్నాను. నాగోయాలో కారు కొన్న తరువాత ఒసాకాకు, అక్కడి నుంచి కోబేకు ఇల్లు మారాము. రెసిడెన్స్ కార్డులో చిరునామా ప్రతిసారీ మార్పించుకున్నాను గానీ, కారు కాగితాలను పట్టించుకోలేదు. మార్చి నెలాఖరులో శాశ్వతంగా ఇండియాకు తిరిగి వెళ్తున్నాము. ముందుగా వార్డు ఆఫీసులో (నివాస నమోదు చూసే స్థానిక కార్యాలయంలో) దేశం విడిచి వెళ్తున్నట్లు నోటీసు ఇచ్చేసి, ప్రయాణానికి ముందు రోజు కారును మిత్రుడికి అప్పగించాలనుకుంటున్నాను. ఇది సరైన పద్ధతేనా?
– ఒక పాఠకుడు, కోబే

జవాబు: కాదండీ, దయచేసి ఈ క్రమాన్ని తిరగేయండి. కే-కారు (చిన్న ఇంజిన్‌తో, జపాన్‌లో వేరే తరగతిగా లెక్కించే కారు) కాని మామూలు కారును మరొకరి పేరుకు మార్చాలంటే బదిలీ పత్రంపై మీ రిజిస్టర్డ్ ముద్ర, అంటే జిత్సుఇన్, వేయాలి. ఆ ముద్ర మీదేనని వార్డు ఆఫీసు ఇచ్చే ధ్రువపత్రాన్ని, 3 నెలల లోపు తీసుకున్నదాన్ని, జతచేయాలి. మీరు దేశం విడిచి వెళ్తున్నట్లు ఇచ్చే నోటీసు అమలులోకి రాగానే నివాస నమోదుతోపాటు ముద్ర నమోదు కూడా రద్దవుతుంది గనుక, ఆ తరువాత ధ్రువపత్రం దొరకదు. ఊరు మారినప్పుడు కూడా పాత ఊరిలోని ముద్ర నమోదు చెల్లదు. కోబేలో మళ్లీ నమోదు చేయించుకోకపోయి ఉంటే ఈ వారమే ఆ పని చూడండి.

మీ విషయంలో అసలు చిక్కు చిరునామాల గొలుసు. ఇల్లు మారిన 14 రోజుల్లో వార్డు ఆఫీసుకు తెలియజేయాలన్న నియమం మనవాళ్లందరికీ తెలుసు. కారు రిజిస్ట్రేషన్‌లో కూడా 15 రోజుల్లో మార్పించాలన్నది మాత్రం చాలామందికి తెలియదు. కారు రికార్డులో నాగోయా చిరునామా, ముద్ర ధ్రువపత్రంలో కోబే చిరునామా ఉంటే ఆ ఇద్దరూ ఒక్కరేనని మీరే నిరూపించాలి. కోబేలో తీసుకునే జూమిన్‌హ్యోలో, అంటే నివాస నమోదు ప్రతిలో, సాధారణంగా దానికి ముందున్న ఒసాకా చిరునామా మాత్రమే కనిపిస్తుంది. జపాన్ పౌరులకైతే కుటుంబ రిజిస్టరుకు జతగా ఉండే చిరునామాల పట్టిక అక్కరకొస్తుంది. విదేశీయులకు ఆ సౌకర్యం లేదు. అందువల్ల ఒసాకా వార్డు ఆఫీసు నుంచి, రద్దయిన మీ నివాస నమోదు ప్రతిని కూడా తెప్పించుకోవాలి. పోస్టులో తెప్పించుకోవచ్చు గానీ రోజులు పడుతుంది. అన్ని కాగితాల్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి. మన పొడవాటి ఇంటిపేర్లు ఒకచోట ఇంగ్లీషు అక్షరాల్లో, మరొకచోట కతకానా అనే జపనీస్ లిపిలో ఉండటం వల్ల ఎందరో కౌంటర్ల దగ్గర ఇబ్బంది పడుతుంటారు.

కారు అప్పు మీద కొన్నదైతే, అప్పు తీరిపోయినా యజమానిగా ఫైనాన్స్ కంపెనీ పేరే మిగిలి ఉండవచ్చు. 2023 జనవరి నుంచి ఇస్తున్న కొత్త తరహా షాకెన్ పత్రంపై, అంటే వాహన తనిఖీ పత్రంపై, యజమాని పేరు ముద్రించి ఉండదు. అది చిప్‌లో ఉంటుంది, ఫోన్ యాప్‌తో చదివి తెలుసుకోవాలి.

మీ మిత్రుడు తన ఇంటికి 2 కిలోమీటర్ల లోపు పార్కింగ్ స్థలం ఉన్నట్లు పోలీసుల నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అది ఒక్కరోజులో వచ్చేది కాదు కాబట్టి ఆయనకు ఇప్పుడే చెప్పండి.

ఏప్రిల్ 1న రికార్డులో ఎవరి పేరుంటే ఆ ఏడాది వాహన పన్ను వారి మీదే పడుతుంది. మార్చి చివరి వారంలో రవాణా కార్యాలయాలు జనంతో కిక్కిరిసి ఉంటాయి గనుక, నెల మధ్యలోనే బదిలీ పూర్తి చేయించండి. మిత్రుడి పేరుతో వచ్చిన కొత్త షాకెన్ పత్రం నకలు మీ చేతికి అందిన తరువాతనే మీ స్వచ్ఛంద బీమాను రద్దు చేసుకుని, దేశం విడిచే నోటీసు ఇవ్వడానికి వార్డు ఆఫీసుకు వెళ్లండి.