వికీపీడియాలో ఇద్దరు పట్టుబడితే తీర్పు ఎవరు చెప్తారు?

అడిగిన ప్రశ్న ఇది: "తెలుగు వికీపీడియాలో ఒకరు రాసింది ఇంకొకరు తీసేస్తే, ఇద్దరూ తగ్గకపోతే, చివరికి ఎవరు తేలుస్తారు? పైన ఎవరైనా ఉంటారా?"

పైన ఎవరూ ఉండరండీ. ఉంటారని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. 2016 ఎండాకాలంలో ఆ పైనున్నాయన కోసం తెగ వెతికాను, ఫిర్యాదు చేద్దామని. ఆ కథే చెప్తాను. అందులో మీకు జవాబు దొరికితే సంతోషం.

మాది కడప జిల్లా, బద్వేలు వైపు చిన్న ఊరు. పేరు చెప్పను. చెప్తే మీలో సగం మంది పోయి ఆ పేజీ చరిత్ర తెరిచి, రాత్రి పదకొండున్నరకు నేను ఏమేం కూశానో వరసగా చదువుతారు. వికీలో ఉన్న పెద్ద చిక్కు అదే. ఇంట్లో పోట్లాడుకుంటే తెల్లారేసరికి మరిచిపోతాం. అక్కడ ప్రతి మాటా తేదీ, గంట, నిమిషంతో సహా అలాగే ఉండిపోతుంది.

అప్పటికి మా ఊరి పేజీ ఉత్త మొలక. 2011 జనాభా లెక్కల నుంచి తెచ్చిన అంకెలు, మండలం పేరు, పిన్‌కోడు. అంతే. చెరువు గురించి ఒక్క ముక్క లేదు. చెరువు లేకుండా మా ఊరేంటి? అందుకని కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను. చెరువు తవ్వించింది ఫలానా ఆయన అని పేరు కూడా పెట్టాను. ఆ ఫలానా ఆయన మా జేజినాయనకు, అంటే మా నాయన నాయనకు, తాత. కరువులో జనం వలస పోతుంటే ఇంట్లో బంగారం అమ్మి, మనిషికి రోజుకు శేరు జొన్నలు కొలిచి ఆ చెరువు తవ్వించాడని మా జేజి, అంటే మా నాయనమ్మ, ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పొద్దున్నే కట్ట మీదికి పోతే ఆయన పేరు తలుచుకుని నీళ్లు ముట్టుకోమనేది.

రెండు గంటల్లో ఆ వాక్యం మాయమైంది. ఎవరో తీసేశాడు. మార్పు ఎందుకు చేశారో రాసే దిద్దుబాటు సారాంశంలో రెండే మాటలు: "మూలం లేదు."

మూలం లేకపోవడమేంటి, నేనున్నాను కదా! మళ్లీ పెట్టాను. మళ్లీ తీశాడు. ఈసారి "మౌలిక పరిశోధన" అన్నాడు. ఆ మాట చూసి పొగిడాడనుకున్నాను మొదట. తర్వాత చదివితే తెలిసింది, సొంతంగా కనిపెట్టినవి ఇక్కడ రాయకూడదని దానర్థం. మా జేజి మాట సొంతంగా కనిపెట్టినదట. ఒళ్లు మండిపోయింది. మూడోసారి పెట్టాను, నాలుగోసారి పెట్టాను. ఇరవై నాలుగు గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివాళ్ల మార్పును తిప్పికొడితే నిరోధం పడుతుందని, అంటే కొంతకాలం రాయనివ్వరని, ఇంగ్లీషు వికీలో ఒక నియమం ఉంది. అప్పుడు నాకది తెలీదు. తెలిసినా ఆగేవాణ్ణి కాను.

తెలుగు వికీలో గొడవలకు ఒక ప్రత్యేకత ఉంది. ఎంత కొట్టుకున్నా "గారు" వదలరు. మొదట "గారూ, గమనించగలరు" అని మొదలవుతుంది. తర్వాత "గారూ, పైన రాసింది మీరు చదివినట్టు లేదు" అవుతుంది. చివరికి "గారూ, మీ స్థాయి అర్థమైంది, నమస్కారం" దాకా పోతుంది. బస్టాండులో అయితే ఈపాటికి చొక్కాలు పట్టుకునేవాళ్లం. ఆ గారు ఉంటుంది చూడండి, తిట్టు కన్నా గట్టిగా తగులుతుంది.

మా ఆవిడది నెల్లూరు. అర్ధరాత్రి టకటకా కొడుతుంటే లేచొచ్చింది.

"ఎవరితో ఆ పోట్లాట?"

"ఎవడో తెలీదు."

"దేని గురించి?"

"మా ఊరి చెరువు ఎవరు తవ్వించారని."

"ఎవరు తవ్వించారో ఆయనకు తెలుసా?"

"తెలీదు."

"మీకు?"

"మా జేజి చెప్పింది."

"ఆమెకెవరు చెప్పారు?" అని, జవాబు కోసం ఆగకుండా పోయి పడుకుంది.

తెల్లారి చూస్తే పేజీకి తాళం. పేజీలకు తాళం వేసే అధికారం ఉన్న సభ్యుడు, నిర్వాహకుడంటారు, వారం రోజులు ఎవరూ మార్చకుండా సంరక్షణలో పెట్టాడు. అదీ ఏ కూర్పును? నా వాక్యం లేని కూర్పును! నిర్వాహకులు తాళం వేసేది ఎప్పుడూ తప్పుడు కూర్పుకే అని వికీ లోకంలో పాత జోకు ఒకటుంది, దాని మీద ఏకంగా ఒక పేజీయే ఉంది. అది జోకని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ పొద్దున మాత్రం, ఆ నిర్వాహకుడూ, నా వాక్యం తీసేసినవాడూ ఇద్దరూ ఒకటే అని తీర్మానించుకున్నాను. ఆ నిర్వాహకుడు చర్చా పేజీలో ఎవరిది తప్పో చెప్పలేదు. ఇద్దరూ తలా ఒక పుస్తకం చూసి రండి, వారం తర్వాత పేజీ దానంతటదే తెరుచుకుంటుంది అని మాత్రం రాశాడు. పంచాయితీకి పోతే పెద్దమనిషి హోంవర్కు ఇచ్చినట్టుంది.

సరే, పైన ఎవరున్నారా అని వెతకడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు వికీలో ఉన్నారు. 2004 నుంచి అక్కడ మధ్యవర్తిత్వ సంఘం అని ఒక కోర్టులాంటిది ఉంది, సభ్యులను ఎన్నుకుంటారు. అక్కడా ఒక మెలిక ఉంది: మనుషుల ప్రవర్తన గురించి తీర్పిస్తారు తప్ప, వ్యాసంలో ఏది నిజమో చెప్పరు. రాజీ కుదిర్చే కమిటీ ఇంకొకటి ఉండేది, పోయేవాళ్లు లేక 2018లో మూసేశారు. ఇన్ని ఉండి ఏం సాధించారంటారా? యోగర్ట్ అనే మాటలో హెచ్ ఉండాలా వద్దా అని 2011 దాకా ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. పెరుగు గురించండీ! మన దేశం వ్యాసాల్లో అయితే మొదటి వాక్యంలో ఏ భాష లిపి పెట్టాలి, ఏది ముందు, ఏది తర్వాత అని తన్నుకుని తన్నుకుని, చివరికి అసలు భారతీయ లిపులేవీ అక్కడ పెట్టొద్దని తేల్చేశారు. మన ఊళ్ల పేర్ల పక్కన ఇంగ్లీషు వికీలో తెలుగు అక్షరాలు కనిపించవెందుకని అడుగుతుంటారు కదా, కారణం ఇదే. గొడవ తీరింది, అక్షరాలు పోయాయి.

తెలుగు వికీ 2003 డిసెంబరులో మొదలైంది. ఇప్పటికీ కోర్టు లేదు, కమిటీ లేదు. వ్యాసానికి ఒక చర్చా పేజీ, అందరికీ కలిపి రచ్చబండ అనే ఉమ్మడి చర్చా పేజీ. రోజూ రాసేవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ నా మొర రాస్తే చదివేది మళ్లీ ఆ నిర్వాహకుడు, ఆ చెరిపేసిన మనిషి, ఇంకో నలుగురు. ఓటింగు పెట్టండి అన్నాను. ఓట్లతో నిజం తేలదు, ఏకాభిప్రాయం కావాలన్నారు. ఏకాభిప్రాయమే ఉంటే నేనిక్కడికెందుకొస్తాను?

ఇక చేసేది లేక కడపలో సీపీ బ్రౌన్ గ్రంథాలయానికి పోయాను. పోవడానికి అసలు కారణం పుస్తకం కాదు, పంతం. అక్కడ మెకంజీ కైఫియత్తులు అచ్చువేసిన సంపుటాలున్నాయి. తెలీనివాళ్లకు రెండు ముక్కల్లో: కాలిన్ మెకంజీ అని ఈస్టిండియా కుంపిణీ వాళ్ల సర్వేయరు, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు, వాళ్ల చేతికింది మనుషులు ఊరూరా తిరిగి, ఊరి పుట్టుక, గుడి, చెరువు, మాన్యాలు, పాళెగాళ్ల గొడవలు అన్నీ కరణాలను అడిగి రాయించారు. ఆ రాతలే కైఫియత్తులు. వాటికి బ్రౌను దొర మళ్లీ నకళ్లు తీయించాడు. మన ఊళ్ల చరిత్రకు అంతకు మించిన గని లేదు. వికీలో మన గ్రామాల పేజీలు రాసేవాళ్లు జనాభా లెక్కలు ఎక్కించే బదులు ఆ సంపుటాలు ముందేసుకుని కూర్చుంటే ఎంత బాగుండేదో.

సరే, మా ఊరు దొరికింది. ఒకటిన్నర పేజీ. చెరువు కూడా దొరికింది. దాని తూము శిథిలమైందనీ, కట్ట తెగితే ఎవరో పూడ్పించారనీ, అది చాలా పాతదనీ ఉంది.

లెక్క వేసుకోండి. మెకంజీ చనిపోయింది 1821లో. మా జేజినాయనకు తాత ఆ నాటికి ఇంకా పుట్టి ఉండడు. ఆయన పుట్టకముందే ఆ చెరువు పాతబడింది.

ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకున్నాను. రెండు రోజులు ఎవరికీ చూపించలేదు. ఇది ఒప్పుకోవడం కష్టంగా ఉంది గానీ, ఆ రెండు రోజులు ఆ ఫొటో తీసేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. అవతలివాడు కడప దాకా వచ్చి సంపుటం తిరగేస్తాడా? తిరగేయడు. వాడు ఎక్కడివాడో కూడా నాకు తెలీదు. ఆ లోపల మా జేజి గొంతు వినిపిస్తూనే ఉంది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆయన గండి పూడ్పించి ఉంటాడు, కరువులో పూడిక తీయించి ఉంటాడు, అది నలుగురి నోట్లో పడి తవ్వించడంగా మారి ఉంటుంది. ఇదీ నా ఊహే. అంటే మళ్లీ మౌలిక పరిశోధనే.

మూడో రోజు చర్చా పేజీలో పెట్టేశాను. నా వాక్యం తప్పు, కైఫియత్తులో ఇలా ఉంది, సంపుటం ఇది, పేజీ ఇది అని.

అవతలాయన సంబరపడతాడనుకున్నాను. ఆయన జవాబు చూసి కుర్చీలోంచి లేచాను. "గారూ, కైఫియత్తు ప్రాథమిక మూలం. కరణం చెప్పిందే అందులో రాశారు. దాన్ని పరిశీలించి చరిత్రకారులెవరైనా రాసింది ఉంటే ఇవ్వగలరు."

చూశారా! మా జేజి చెప్తే మూలం కాదు. రెండొందల ఏళ్ల కింద కరణం చెప్తే, అదీ దొర మనుషులు కాగితం మీద పెడితే, అది మూలమే గానీ కొంచెం తక్కువ రకం మూలం. ఇంతకుముందు పుస్తకం చూపించమన్నవాడే ఇప్పుడు పుస్తకాన్ని కాదంటున్నాడు. నేనేమో నా వంశం పేరు తీసేసిన పుస్తకం తరఫున వకాల్తా పుచ్చుకుని వాదిస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికొచ్చామో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

మాకు ఆ పక్కనే పోరుమామిళ్ల. అక్కడి చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు, రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టింది అని రాయి మీద చెక్కించాడు. దాని మీద చరిత్రకారులు వ్యాసాలు రాశారు. ఆ చెరువు గురించి వికీలో ఎవరూ గొడవ పడరు. రాజు కొడుకు కాబట్టి రాయి దొరికింది. శేరు జొన్నలు కొలిచినవాడికి ఏం దొరుకుతుంది? మా తూము దగ్గర కూడా ఒక రాయి ఉండేది. చెరువు బాగుచేసినప్పుడు ఎవరో దాని మీద సిమెంటు పూశారు, ఇప్పుడు పై అంచు ఒక్కటే కనిపిస్తుంది. ఈ దేశంలో సిమెంటు చేసినంత చారిత్రక నష్టం ఏ దండయాత్రా చేయలేదని నా గట్టి నమ్మకం. సరే, దాని గురించి ఇంకోసారి.

చివరికి తేల్చింది ఆ తాళం వేసిన నిర్వాహకుడే. తీర్పు ఇవ్వలేదు, ఒక వాక్యం రాశాడు: పందొమ్మిదో శతాబ్దం మొదటికే ఇక్కడ పాత చెరువు ఉన్నట్టు మెకంజీ కైఫియత్తు చెప్తోంది, అని. చరిత్ర ఇదీ అనలేదు, కైఫియత్తు ఇలా అంటోంది అన్నాడు. అంటే మాట ఎవరిదో వాళ్ల పేరు మీదే పెట్టాడు. అవతలాయన సరేనన్నాడు. నేనూ సరేనన్నాను. కావాలంటే మీరూ ఏ పేజీలోనైనా చూడండి, నాలుగు రోజులకు మించి నిలబడిన రాజీలన్నీ ఈ పద్ధతిలో కుదిరినవే. నియమాల పేజీలు చూపించి గెలిచినవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్లు గెలిచిన వ్యాసాల్లో నెల తర్వాత మళ్లీ గొడవే.

మా జిల్లా పేరు మీద ఎన్నిసార్లు అయిందో చూడండి. 2005 దాకా ఇంగ్లీషులో కడ్డపా, ఆ తర్వాత కడప. 2010లో వైఎస్ఆర్ జిల్లా అన్నారు, 2025లో వైఎస్ఆర్ కడప అన్నారు. జీవో వచ్చినప్పుడల్లా వందల పేజీలు మార్చాలి. మార్చినవాడికి ఒక పార్టీ రంగు, మార్చనివాడికి ఇంకో పార్టీ రంగు పూస్తారు. 1950లో చనిపోయిన మనిషిని 2010లో పుట్టిన జిల్లాలో పుట్టించకండి బాబూ అంటే వినరు.

ఇప్పుడు మీ ప్రశ్నలో లేని విషయం ఒకటి చెప్తాను, అసలు నేను రాయడం మొదలుపెట్టింది దానికోసమే. గొడవలు ఎలా తీరతాయని అందరూ అడుగుతారు. తెలుగులో గొడవలు లేకపోవడం గురించి ఎవరూ అడగరు. నాతో పోట్లాడిన ఆ మనిషి వల్ల నేను బ్రౌన్ గ్రంథాలయం గడప తొక్కాను. ఆ తర్వాత మూడేళ్లలో మా చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల పేజీలు కైఫియత్తులు చూసి రాశాను, ప్రతిదాన్నీ ఆయన వీక్షణ జాబితాలో, అంటే పేజీ మారితే చూపించే జాబితాలో, పెట్టుకుని తప్పులు పట్టేవాడు. ఒకసారి సంపుటం పేజీ సంఖ్య ఒకటి తేడా వచ్చిందని రాత్రి రాసి పొద్దున్నకల్లా గుర్తుచేశాడు. అంటే ఆయన దగ్గర కూడా ఆ సంపుటాలున్నాయన్నమాట! ముందే చెప్పొచ్చు కదా? అడిగాను. "మీరు చూస్తారో లేదో అని, గారూ" అన్నాడు.

2019 తర్వాత ఆయన దిద్దుబాట్లు ఆగిపోయాయి. ఏమయ్యాడో తెలీదు. ఉద్యోగమో, ఆరోగ్యమో, విసుగో. ఆయన చర్చా పేజీలో రెండుసార్లు రాశాను, కింద జవాబు లేదు.

పోయిన సంక్రాంతికి మా ఊరి పేజీలో ఒక వాక్యం చేర్చాను. చెరువు కట్ట మీద ఉన్న చింతచెట్టు నాటింది మా జేజినాయనకు తాత అని స్థానికులు చెప్పుకుంటారు, అని. మూలం ఏమీ ఇవ్వలేదు. ఇంకా అలాగే ఉంది. రోజూ ఒకసారి వీక్షణ జాబితా తెరిచి చూస్తున్నాను, ఎవరైనా తీసేశారేమోనని.