అమ్మానాన్నల్ని సెంట్రల్ పార్క్ చెరువు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు

అమ్మలూ,

అమ్మానాన్నలు వచ్చే నెల దిగుతున్నారట, చాలా సంతోషం. అక్టోబర్ 30కి నువ్వేసిన న్యూయార్క్ ప్లాన్ చూశా, ఒకటే రోజులో లిబర్టీ, బ్రూక్లిన్ బ్రిడ్జి, ఎంపైర్ స్టేట్, టైమ్స్ స్క్వేర్, చివర్లో సెంట్రల్ పార్క్ ఒక అరగంట... వద్దు తల్లీ. 2009లో మీ నానమ్మని నేను ఇలాగే తిప్పా, సాయంత్రానికి పాదాలు పొంగిపోయి చెప్పుల్లో పట్టలేదు, అయినా ఆవిడ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తర్వాతి వారం ఏ ప్లానూ లేకుండా పార్కు ఆగ్నేయ మూలనున్న ఆ చెరువు దగ్గర కూర్చోబెట్టా. రాయి మీద తాబేళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి మెడలు చాపి ఎండ కాగుతుంటే రెండు గంటలు కదల్లేదు ఆవిడ, ఊరెళ్ళాక అందరికీ చెప్పింది కూడా ఆ తాబేళ్ళ గురించే.

అందుకే ఆ మూలకి ఒక పూటంతా ఉంచు. మీ న్యూజెర్సీ ఎడిసన్‌లో ట్రైన్ ఎక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగి, అక్కణ్ణుంచి సబ్‌వేలో A ట్రైన్ గానీ C ట్రైన్ గానీ పట్టుకుని కొలంబస్ సర్కిల్‌లో దిగండి, అక్కడ లిఫ్ట్ ఉంటుంది, మీ నాన్న మోకాళ్ళకి అది ముఖ్యం. తర్వాత 59వ వీధి వెంట తూర్పుకి నడక, ఫిఫ్త్ అవెన్యూ దాకా ముప్పావు మైలు కూడా ఉండదు. తొందరపెట్టకు. సిక్స్త్ అవెన్యూ గేటు దగ్గర గుర్రాల మీద లాటిన్ అమెరికా స్వాతంత్ర్య వీరులు బొలీవర్, సాన్ మార్టిన్, హోసె మార్తి విగ్రహాలు ఉంటాయి, నాన్నకి చరిత్ర ఇష్టం కదా, అక్కడ కాసేపు ఆగు.

ఆ రోడ్డు మీద సైకిల్ రిక్షావాళ్ళు పిలుస్తారు. వాళ్ళు నిమిషానికి ఇంత అని తీసుకుంటారు, రేటు కార్డు చూడకుండా ఎక్కకండి, మాకు తెలిసినవాళ్ళు మొత్తం ట్రిప్పుకి అనుకుని ఎక్కి దిగేటప్పుడు గొడవపడ్డారు.

చెరువు రోడ్డు కంటే పల్లంలో ఉంటుంది, దిగుతుంటేనే హారన్ల చప్పుడు తగ్గిపోతుంది. ఒకప్పుడు అది వాగు పారే చిత్తడి నేల, పార్కు కట్టినప్పుడు చెరువు చేశారు. ఉత్తరం చివర గ్యాప్‌స్టో అని రాతి వంతెన, 1896 నాటిది, నాన్నని దాని మధ్యలో నిలబెట్టి దక్షిణంగా చూడమను, 1907లో తెరిచిన ప్లాజా హోటల్, వెనక అద్దాల బిల్డింగులు, నీళ్ళలో వాటి నీడలు, అక్టోబర్ చివరంటే ఆకులు కూడా రంగు తిరిగి ఉంటాయి. ఫోటో అక్కడే తియ్యి.

చెరువు పక్కనే హాలెట్ శాంక్చువరీ అని నాలుగెకరాల చిన్న అడవి. 1934 నుంచి దశాబ్దాల పాటు మనుషుల్ని లోపలికి రానివ్వలేదు, 2016 నుంచి మళ్ళీ రానిస్తున్నారు. దారి ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి అమ్మతో నువ్వెళ్ళు, నాన్న బెంచీ మీద ఉంటాడు. చీకటి పడకముందే గేటు మూసేస్తారు, దాన్ని ముందే చూసేయండి.

పులిహోర డబ్బా పట్టుకెళ్ళు, కానీ బాతులకి ఒక్క మెతుకు కూడా వెయ్యనివ్వకు, అమ్మకి ముందే చెప్పు, లేకపోతే అలవాటు కొద్దీ వేసేస్తుంది, అవి తినకూడదు, రూల్ కూడా ఒప్పుకోదు. 2018లో ఇదే చెరువులో రంగురంగుల మాండరిన్ బాతు ఒకటి కనబడింది, తూర్పు ఆసియా జాతిది, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు, దాన్ని చూడ్డానికి జనం విరగబడ్డారు, నేనూ వెళ్ళా. బాత్రూమ్ కావాలంటే కొంచెం పడమరగా హెక్షర్ ప్లేగ్రౌండ్ దగ్గర ఉంటుంది, చెరువు దగ్గరికి దిగకముందే వెళ్ళొచ్చెయ్యండి.

ఓపిక మిగిలితే ఫిఫ్త్ అవెన్యూలో పార్కు గోడ వెంట అప్పర్ ఈస్ట్ సైడ్ వైపు నడవండి, చెట్ల నీడ, బెంచీలు వరసగా ఉంటాయి. లేకపోతే మానెయ్యండి, పర్లేదు.

గాలి చల్లగా ఉంటుంది, శాలువా మర్చిపోకు. ట్రైన్ ఎక్కేముందు నాన్న బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో నువ్వే అడుగు, వాడు మర్చిపోతాడు, చిన్నప్పట్నుంచీ అంతే.

పెదనాన్న