కిటికీ అద్దాల మీద ఆ చారలు ఎందుకొస్తున్నాయంటే

అమ్మలూ,

పొద్దంతా కష్టపడి తుడిచినా, సాయంత్రం ఎండ పడేసరికి అద్దాల నిండా చారలే కనిపించాయని రాశావు. చదువుతుంటే నవ్వొచ్చింది. కొత్తగా కాపురం పెట్టినప్పుడు నేనూ ఇలాగే ఏడిచాను. నా అనుమానం, నువ్వు సబ్బు ఎక్కువ పోసి ఉంటావు. పైగా ఎండలో తుడిచి ఉంటావు.

అద్దం వేడిగా ఉంటే, మనం తుడిచేలోపే నీళ్లు ఆరిపోతాయి. అందులోని సబ్బు ఎక్కడిదక్కడ అంటుకుపోతుంది. అందుకని మబ్బు పట్టిన రోజో, ఆ కిటికీ మీద ఎండ లేని పూటో చూసుకో. అర బకెట్ నీళ్లకి గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా చాలు. నురుగు కనబడితే గానీ మనకి తృప్తి ఉండదు, అదో జబ్బు.

నీళ్లు ముట్టుకునే ముందు పొడిగా చేసే పని ఒకటుంది. చాలామంది ఎగ్గొట్టేది అదే. దోమల జాలీ తీసి విడిగా కడుగు. చట్రం మీద, తలుపు జరిగే గాడిలో ఉన్న దుమ్మంతా పాత టూత్‌బ్రష్‌తో లేపి తీసెయ్యి. తడి తగిలితే అదంతా బురదవుతుంది, అందులోని ఇసుక రేణువులు గుడ్డకి అంటుకుని అద్దాన్ని గీస్తాయి. గాడి కింద చిన్న చిన్న కన్నాలుంటాయి చూడు, వాన నీళ్లు బయటికి పోవడానికి పెట్టినవి. పుల్లతో పొడిచి వాటినీ తెరిచి పెట్టు.

ఆ తర్వాత అద్దాన్ని తడిపి మురికి నాననిచ్చి, రబ్బరు అంచున్న చిన్న వైపర్‌తో పైనుంచి కిందికి లాగు. లాగిన ప్రతిసారీ రబ్బరుని పొడి గుడ్డతో తుడవాలి, లేకపోతే ఇక్కడి మురికి అక్కడ పూసినట్టే. రెండో వరస మొదటి వరస మీద రెండు వేళ్ల మేర పడాలి. మూలల్లో మిగిలిన తడిని మైక్రోఫైబర్ గుడ్డతో అద్దు. చివర్లో గుడ్డతో తుడిచేటప్పుడు లోపలి వైపు అడ్డంగా, బయటి వైపు నిలువుగా తుడువు. చార మిగిలితే అది ఏ వైపుదో దాని వాటం చూసి పట్టుకోవచ్చు. న్యూస్‌పేపర్‌తో తుడవమని మీ అమ్మ చెబుతుంది. పీచు వదలదు, నిజమే, కానీ తెల్ల ఫ్రేమ్‌కి ఆ సిరా అంటితే మళ్లీ ఇంకో పని.

ఎంత రుద్దినా పోని తెల్లటి మచ్చలున్నాయన్నావు కదా, అవి నీళ్లలోని ఉప్పులు పేరుకున్నవి అయ్యుంటాయి. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, గుడ్డ తడిపి ఐదు నిమిషాలు అద్దానికి అంటించి ఉంచు. కింద గట్టు పాలరాయి అయితే మాత్రం దాని మీద వెనిగర్ చుక్క పడనీయకు, రాయిని తినేస్తుంది. ఇంకో మాట, వెనిగర్‌ని బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకు. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం. పెయింట్ చుక్కలు గీకడానికి బ్లేడు తీసుకోకు. అది గట్టిపరచిన అద్దమైతే సన్నటి గీతలు పడి అలాగే ఉండిపోతాయి.

ఇక నాకు అసలు టెన్షన్ ఎక్కడంటే, ఎత్తుల దగ్గర. ఏడేళ్ల కిందట ప్లాస్టిక్ స్టూలెక్కి పై మూల అందుకోబోయాను. కింద కారిన సబ్బు నీళ్లలో స్టూలు జారి ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతోనే ఉన్నాను, జడ కూడా మీ పెదనాన్నే వేశారు. ఆయన వేసిన జడ గురించి మళ్లీ ఎప్పుడైనా చెబుతాను. కాబట్టి ముందు కింద నేల పొడిగా తుడిచి పెట్టుకో. నిచ్చెన గోడకి ఆనిస్తే, ఆనిన చోటు ఎంత ఎత్తో అందులో నాలుగో వంతు దూరంలో, గోడకి ఇవతలగా, నిచ్చెన కాళ్లు ఉండాలి. 8 అడుగుల ఎత్తుకి 2 అడుగులన్నమాట. పక్కకి వంగి అందుకోకు, దిగి నిచ్చెన జరుపుకో. ఓ మనిషి కింద పట్టుకునుంటే ఇంకా మంచిది.

మీది మూడో అంతస్తు. బయటి వైపు కోసం కిటికీ గట్టెక్కడం గానీ, నడుము దాకా బయటికి వంగడం గానీ చేశావని తెలిస్తే ఊరుకోను. జరిగే తలుపులైతే ఒకటి పక్కకి నెట్టి, పొడవాటి కర్రకున్న వైపర్‌తో లోపల నిలబడే అందినంత మేర తుడువు. జారి ఎవరి నెత్తినో పడకుండా కర్రని తాడుతో నీ చేతికి కట్టుకో. పగులున్న అద్దం జోలికి అసలు పోకు.

ఇంతకీ నీ పడకగదిలో జంట అద్దాల కిటికీ మధ్యలో పొగమంచు పట్టినట్టుందని రాశావే, అది గుడ్డతో పోయేది కాదు. సీలు పాడై తేమ లోపలికి చేరింది. దాని మీద చేతులు నొప్పి పుట్టించుకోక, ఇంటి ఓనరుకి కబురు చెయ్యి.

మీ పెద్దమ్మ