ఒకే పిల్లకు రెండు రిపోర్టులు
రొయ్యల సాగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హేచరీలో ఒకే ట్యాంకు వనామి పిల్లను రెండు ల్యాబుల్లో ఈహెచ్‌పీకి (రొయ్య కాలేయంలాంటి అవయవంలో చేరి ఎదుగుదలను తగ్గించే సూక్ష్మ పరాన్నజీవి) పీసీఆర్ టెస్టు చేయించాను. ఒకరు నెగెటివ్ అన్నారు. రెండోవాళ్లు ‘సీటీ 36, వీక్ పాజిటివ్’ అని రాసిచ్చారు. ఎవరిని నమ్మాలి? పిల్ల వదలొచ్చా?
– ఓ రైతు, విడవలూరు మండలం

జవాబు: ఇద్దరూ సరిగ్గానే చేసి ఉండొచ్చు. ముందు ఒక్కో ల్యాబుకు ఎన్ని పిల్లలు ఇచ్చారో గుర్తు చేసుకోండి. ట్యాంకులో నూటికి రెండు పిల్లలకు జబ్బు ఉందనుకుందాం. 20 పిల్లలు పట్టుకెళ్తే, మూడింట రెండుసార్లు ఆ కవర్లో జబ్బు పిల్ల ఒక్కటీ ఉండదు. 150 తీసుకెళ్తే అలా తప్పిపోయే అవకాశం నూటికి 5కు దిగుతుంది. అవి కూడా ఒకే మూల నుంచి కాకుండా నాలుగైదు చోట్ల నుంచి తీయాలి. అంచుకు చేరిన నీరసపు పిల్లల్ని వదిలేయొద్దు.

ఇక 36 సంగతి. పీసీఆర్ సైకిల్ సైకిల్‌కీ జబ్బు డీఎన్‌ఏకు నకళ్లు తీస్తుంది, నకళ్లు పెరిగేకొద్దీ వెలుగు పెరుగుతుంది. ఆ వెలుగు ఎన్నో సైకిల్‌కి హద్దు దాటిందో ఆ అంకే సీటీ. సైకిల్‌కి రెట్టింపు అవుతుంది గనక 3.3 సైకిళ్లు ఆలస్యమైతే సరుకు పదో వంతే ఉన్నట్టు. 150 పిల్లల్ని కలిపి నూరినప్పుడు జబ్బు పిల్ల ఒక్కటే ఉంటే దాని డీఎన్‌ఏ 150 రెట్లు పలచబడి, సీటీ సుమారు 7 పెరుగుతుంది. విడిగా 29 వచ్చే పిల్ల గుంపులో 36 చూపిస్తుంది. ‘36 అంటే లేనట్టేలే’ అని సీడ్ ఏజెంటు చెప్పే మాట అందుకే చెల్లదు.

మరి మొదటి ల్యాబులో ఎందుకు పట్టుబడలేదు? తీసిన డీఎన్‌ఏ 100 మైక్రోలీటర్లుంటే టెస్టు ట్యూబులోకి వెళ్లేది కొద్ది మైక్రోలీటర్లే. ఆ చుక్కలో సగటున ఒక్క కాపీ ఉండేంత పలచగా ఉంటే, నూటికి 37 సార్లు చుక్క ఖాళీగానే వస్తుంది. ఇలాంటి అంచు కేసుల్లో ఒకే శాంపిల్‌కు మూడు ట్యూబులు పెట్టమని అడగండి.

రెండో ల్యాబును కూడా ఒకటి అడగాలి: ప్రోబ్‌తో చేశారా, సైబర్ గ్రీన్‌తోనా? సైబర్ గ్రీన్ ఏ జంట పోగు డీఎన్‌ఏకైనా అతుక్కుని వెలుగుతుంది. ప్రైమర్లు (నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఒకదానికొకటి అంటుకున్నా 35 దాటాక వెలుగు గీత లేస్తుంది, మెల్ట్ కర్వ్ (వేడి చేస్తే పోగులు ఏ డిగ్రీ దగ్గర విడిపోతాయో చూపే గీత) చూస్తేగానీ తెలియదు. ప్రోబ్ అలా మోసపోదు. అది 20–30 అక్షరాల చిన్న పోగు. ఒక కొసన ఫ్యామ్ అనే వెలుగు రంగు, రెండో కొసన ఆ వెలుగును మింగేసే క్వెంచర్. తన జత దొరికి అతుక్కుంటేనే, నకలు తీస్తూ వెనక నుంచి వచ్చే టాక్ ఎంజైమ్ దాన్ని కొరుక్కుంటూ పోతుంది. రంగు విడిపోయి అప్పుడు వెలుగుతుంది. ఏ జన్యువుకు చేశారో కూడా కనుక్కోండి. ఎస్‌ఎస్‌యూ (రైబోజోమ్ జన్యువు) భాగం ఈహెచ్‌పీ చుట్టాల్లోనూ పోలి ఉంటుంది. స్పోర్ వాల్ ప్రొటీన్ (ఈహెచ్‌పీ స్పోర్ అంటే బీజం, దాని గోడలోని ప్రొటీన్) జన్యువుతో 2016లో వచ్చిన పద్ధతిలో ఆ తికమక తక్కువ.

మా సలహా: అదే ట్యాంకు నుంచి మళ్లీ 150 తీసి, 30 చొప్పున ఐదు గుంపులుగా ప్రోబ్ పద్ధతిలో చేయించండి. ఒక్క గుంపులోనైనా పాజిటివ్ వచ్చి, తిరిగి పెట్టినా వస్తే ఆ పిల్ల వద్దు. ఈహెచ్‌పీకి నమ్మదగ్గ మందు లేదు. ఒకసారి గుంటలోకి దిగితే హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేసి దున్ని, మట్టి పీహెచ్ 12 దాకా తేవాలి. ఆ ఖర్చు ముందు రెండో టెస్టు ఖర్చు ఎంత?

ప్రశ్న: మైక్రోస్కోపులో ఈహెచ్‌పీ స్పోర్లు కనబడుతున్న హెపటోపాంక్రియాస్ (రొయ్య కాలేయంలాంటి అవయవం), రెట్ట శాంపిళ్లలో కూడా పీసీఆర్ గీత లేవడం లేదు. పాజిటివ్ కంట్రోల్ (జబ్బు డీఎన్‌ఏ ఉందని ముందే తెలిసిన నమూనా) బాగానే వస్తోంది.
– ఓ ల్యాబ్ టెక్నీషియన్, కావలి

జవాబు: మీ పాజిటివ్ కంట్రోల్ శుభ్రమైన ప్లాస్మిడ్ (ల్యాబులో తయారైన డీఎన్‌ఏ వలయం) అయితే అది మిక్సు బాగుందని మాత్రమే చెబుతుంది, శాంపిల్ గురించి కాదు. డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేసి పక్కపక్కనే పెట్టండి. మామూలుగా అయితే పలచనది 3.3 సైకిళ్లు వెనకబడాలి. అలా కాకుండా పలచన చేశాకే గీత లేస్తే, శాంపిల్లో పీసీఆర్‌ను అడ్డుకునేదేదో ఉన్నట్టే. తలకాయ మొత్తం నూరుతున్నారా? రొయ్య కళ్లలో అలాంటి సరుకు ఉంటుంది, ముందు కళ్లు తీసేయండి. కణజాలం 25 మిల్లీగ్రాములు మించనివ్వకండి. ఎక్కువ వేస్తే ఎక్కువ దొరుకుతుందనుకోవడం పొరపాటు, డీఎన్‌ఏను వడగట్టే కాలమ్ మూసుకుపోతుంది. మిక్సులో మైక్రోలీటరుకు 0.4 మైక్రోగ్రాముల బీఎస్‌ఏ (అడ్డుకునే సరుకును పట్టేసే ప్రొటీన్) వేసి చూడండి.

పలచన చేసినా లేవకపోతే స్పోర్ పగల్లేదేమో చూడాలి. దాని గోడలో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, కణాలను పగలగొట్టే ఒట్టి లైసిస్ బఫర్‌కు లొంగదు. గాజు పూసలతో గట్టిగా కుదిపి (బీడ్ బీటింగ్), ఆ తర్వాతే ప్రొటీన్లను కరిగించే ప్రొటినేజ్ కే ఎంజైమ్ వేయండి.

కంట్రోల్ వస్తోందని వదిలేయక ప్రోబ్‌నూ ఓసారి అనుమానించండి. గీత సాఫు చేయకముందు ముడి వెలుగు అంకెలు చూడండి. మొదటి సైకిళ్లలోనే బాగా ఎక్కువుంటే ప్రోబ్ ముక్కలైంది. మొదటా చివరా రెండుచోట్లా తక్కువుంటే వెలుతురుకు రంగు చచ్చింది. ప్రోబ్‌ను పీహెచ్ 8 టీఈ బఫర్‌లో (డీఎన్‌ఏను చెడకుండా ఉంచే ద్రావణం) కలిపి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, రేకు చుట్టి మైనస్ 20లో పెట్టండి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ మాత్రం వద్దు, మంచు కరిగించుకోవడానికి అది తనంతట తానే వేడెక్కుతూ ఉంటుంది.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి శాంపిల్‌ను బస్సులో నెల్లూరు పంపాలి. ఫార్మలిన్‌లో వేయొచ్చా?

జవాబు: వద్దు. ఫార్మలిన్ డీఎన్‌ఏను బిగించేసి ముక్కలు చేస్తుంది. నీళ్లు వడగట్టి, ఒక పాలు శాంపిల్‌కు పది పాళ్లు 95 శాతం ఇథనాల్ పోయండి. డబ్బా మీద పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఇథనాల్‌కు చెరిగిపోతుంది.