సంతకం ఒక్కటి పెట్టమంటున్నారు

ప్రశ్న: నా వయసు 32. చిన్నప్పుడే అమ్మానాన్నలతో అమెరికా వచ్చాను, సిటిజన్‌ని. టెక్సాస్‌లో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. మూడేళ్ళ క్రితం విజయవాడలో పెద్దలు కుదిర్చిన పెళ్ళి చేసుకున్నాను. నా స్పాన్సర్‌షిప్ మీద ఆయన ఇక్కడికొచ్చి 20 నెలలైంది. ఉద్యోగం రాగానే మాటలు తగ్గిపోయాయి, తర్వాత వేరే ఊళ్ళో అపార్ట్‌మెంట్ తీసుకుని వెళ్ళిపోయారు. ఇంట్లో ఇద్దరం వాడే ట్యాబ్‌లో ఆయన మెసెంజర్ తెరిచే ఉంది. పెళ్ళికి పది రోజుల ముందు వాళ్ళ బావ పెట్టిన మెసేజ్ కనిపించింది: ‘రెండేళ్ళు ఓపిక పట్టు, తర్వాత నీ ఇష్టం.’ దానికి ఈయన బొటనవేలు బొమ్మ పెట్టారు. ఇప్పుడు గ్రీన్‌కార్డు గడువు దగ్గర పడింది, కలిసి అప్లై చేద్దాం, సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే నేను కొట్టానని కేసు వేస్తారట. ‘సంతకం పెడితే నీ సొమ్మేం పోయింది’ అంటున్నారు అత్తగారు. పెట్టేస్తే పీడా పోతుందంటున్నారు నాన్న. నన్ను కార్డు కోసమే చేసుకున్నారా? ఏం చేయను?

జవాబు: ముందు సంతకం సంగతి. పెట్టకండి.

పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే అమెరికాలో అడుగుపెట్టిన భర్తకో భార్యకో రెండేళ్ళ కార్డే ఇస్తారు. దాని గడువు తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 అనే దరఖాస్తు (కార్డు కొనసాగించమని అడిగేది) దాఖలు చేయాలి. దొంగ పెళ్ళిళ్ళకు అడ్డుకట్టగా 1986లో చట్టం చేసి తెచ్చిన ఏర్పాటు ఇది. (ఆ బావగారికి రెండేళ్ళ లెక్క బాగానే తెలిసినట్టుంది.) ఆ కాగితం మీద సంతకం పెట్టడమంటే, ఈ పెళ్ళి ఇమిగ్రేషన్ కోసం జరిగింది కాదని మీరు కూడా ప్రమాణం చేసి చెప్పడం. మీకే ఆ నమ్మకం లేదు. పైగా విడిగా ఉంటూ కలిసి కాపురం చేస్తున్నట్టు చూపించమంటే అది అబద్ధం. రేపు ఆఫీసరు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మీరు, అత్తగారూ కాదు, నాన్నగారూ కాదు.

మీరు సంతకం పెట్టకపోతే అతని జీవితం నాశనమైపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. విడాకులు మంజూరయ్యాక అతను ఒంటరిగా కూడా అప్లై చేసుకోవచ్చు. మనస్ఫూర్తిగానే పెళ్ళి చేసుకున్నానని రుజువులు చూపించుకోవాల్సిన భారం అతనిది. నిజంగా అలాగే చేసుకుని ఉంటే చూపించుకుంటాడు.

ఇక మీ ఉత్తరంలో ఎక్కడా లేని విషయం ఒకటుంది, నాకు దాని గురించే ఎక్కువ టెన్షన్. అతన్ని పిలిపించుకునేటప్పుడు మీరు ఐ-864 అనే హామీపత్రం మీద సంతకం పెట్టారు. వీసా కాగితాల కట్టలో అదీ ఒకటి అనుకుని చాలామంది చదవకుండానే పెట్టేస్తారు. అతని ఆదాయం పేదరికపు గీతలో 125 శాతం కంటే తగ్గకుండా చూస్తానని మీరు ప్రభుత్వానికి రాసిచ్చిన ఒప్పందం అది. విడాకులతో అది పోదు. అతను సిటిజన్ అయితేనో, పని లెక్క 40 క్వార్టర్లకు (దాదాపు పదేళ్ళ ఉద్యోగం) చేరితేనో, గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్తేనో, చనిపోతేనో తీరుతుంది. అంతవరకు అతను మీ మీద కోర్టుకెక్కగలడు. అతను మంచి జీతం తెచ్చుకుంటున్నంత కాలం మీరు కట్టాల్సింది ఏమీ ఉండదు గానీ, ఉద్యోగం పోయిందంటే ఈ కాగితం మళ్ళీ బయటికొస్తుంది. కాబట్టి విడాకుల లాయరుకు మొదటి రోజే దాని కాపీ ఇవ్వండి. చాలామంది ఫ్యామిలీ లాయర్లకు ఇమిగ్రేషన్ లోతుగా తెలియదు, ఇమిగ్రేషన్ లాయరును విడిగా ఒక గంట సంప్రదించండి. అతని కాగితాలు చూసిన లాయరు వద్దు.

కొట్టానని కేసు వేస్తానంటున్నాడు. ఇక్కడ కాస్త జాగ్రత్త. స్పాన్సర్ చేసిన వాళ్ళ చేతిలో దెబ్బలు తిని, కార్డు పోతుందన్న భయంతో నోరెత్తని ఆడవాళ్ళు మనవాళ్ళలో తక్కువేం లేరు. హింసకు గురైనవాళ్ళు ఒంటరిగా అప్లై చేసుకునే దారి చట్టంలో ఉన్నది అలాంటివాళ్ళ కోసమే. ఆ దారిని అతను మీ మీదకు తిప్పుతానంటున్నాడు. మీరు చేయాల్సింది, అతనికి సరుకు ఇవ్వకపోవడం. ‘డిపోర్ట్ చేయిస్తా’ అని కోపంలో ఒక్క మెసేజ్ కూడా పెట్టకండి. అతని పాస్‌పోర్టు, కార్డు మీ దగ్గర మిగిలిపోయి ఉంటే లాయరు ద్వారా పంపించేయండి. ఇకపై మాటలన్నీ ఈమెయిల్లోనే. బెదిరింపులకు స్క్రీన్‌షాట్లు తీసి తేదీలతో దాచండి. ఆ ట్యాబ్‌లో అతని మెసెంజర్ మళ్ళీ తెరవకండి. ఇప్పటికే ఫొటో తీసి ఉంటే లాయరుకు చూపించండి, బంధువుల గ్రూపులో మాత్రం పెట్టకండి.

విడాకులకు టెక్సాస్‌లో కేసు వేశాక కనీసం 60 రోజులు ఆగాలి. అక్కడ పెళ్ళయ్యాక సంపాదించినది మామూలుగా ఇద్దరిదీ అవుతుంది, అందుకని మీ ఉమ్మడి బ్యాంకు ఖాతా, కారు లోను ఎవరి పేరున ఉన్నాయో ఈ వారమే చూసుకోండి. మోసం కింద పెళ్ళినే రద్దు చేయించుకోవచ్చు కూడా. అయితే మోసం తెలిశాక మీరు అతనితో మళ్ళీ కాపురం చేసి ఉండకూడదు. పెళ్ళి విజయవాడలో అయింది కాబట్టి ఇంకో మెలిక ఉంది. తిరుపతిలో జరిగిన ఒక పెళ్ళికి అమెరికాలోని మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇండియాలో చెల్లవని 1991లో మన సుప్రీంకోర్టు తేల్చింది, ఆ కోర్టు అధికారానికి భార్య ఒప్పుకోకపోవడం అందుకో కారణం. మీ కేసులో అతను హాజరై ఒప్పుకున్నట్టు రికార్డులో ఉండేలా లాయరును చూడమనండి. రేపు మీరు ఇండియాలో మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనుకున్నప్పుడు తెలుస్తుంది దాని విలువ.

మోసమని ఫిర్యాదు చేయాలా? చేయొచ్చు. నేరం రుజువైతే ఐదేళ్ళ జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా ఉంది. కానీ చెడిపోయిన కాపురం వేరు, దొంగ పెళ్ళి వేరు. చట్టం అడిగేది పెళ్ళిరోజున అతని మనసులో ఏముందని. బావ మెసేజ్ అనుమానానికి బలమైనదే, అయినా పెళ్ళంటే బెదిరిన కుర్రాడికి ఓదార్పు అని అతని లాయరు వాదించగలడు. పైగా ఫిర్యాదు చేశాక ఏమైందో మీకు చెప్పరు, అతని కేసు వివరాలు గోప్యం. అందుకే మీకు తెలిసినవి తెలిసినట్టు రాసిచ్చి వదిలేయండి. అతన్ని పంపించేస్తేనే నాకు న్యాయం అని కూర్చుంటే, మీ నిద్ర ఎవరో తెలియని ఒక ఆఫీసరు చేతిలో పెట్టినట్టే.

కార్డు కోసమే చేసుకున్నాడా అని అడిగారు. కొంత దానికోసమే అయి ఉండొచ్చు. పూర్తిగానా అన్నది అతనికి కూడా తెలిసి ఉండకపోవచ్చు. మీరు చేసుకున్నది మాత్రం నిజమైన పెళ్ళే, ఆ మాట ఎవరి ముందైనా తలెత్తుకుని చెప్పండి. మోసపోయినందుకు సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఇది నోటిమాటగా వదలకుండా కౌన్సిలర్‌తో వారానికోసారి మాట్లాడండి. రాత్రి రెండింటికి లేచి పాత చాట్లు తవ్వుతున్నారంటే ఆలస్యం చేయొద్దు.

నాన్నగారికి ఈ జవాబు చదివి వినిపించండి, ముఖ్యంగా ఐ-864 గురించి. పీడా ఒక్క సంతకంతో పోదని ఆయనకు అర్థమవుతుంది. అత్తగారు మళ్ళీ ఫోన్ చేస్తే వాదనకు దిగకుండా, ‘లాయరుతో మాట్లాడుకుంటాం అత్తయ్యా’ అని పెట్టేయండి.