36 కిలోల అబ్బాయికి 625 మాత్ర సగం చేసి వేయవచ్చా?

మీ బాబుకు 11 ఏళ్లు, బరువు 36 కిలోలు. సైనస్ ఇన్ఫెక్షన్‌కు డాక్టరు అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన 625 మాత్రను రోజుకు రెండు చొప్పున 7 రోజులకు రాశారు. ‘అది పెద్దవాళ్ల మాత్ర, సగమే వెయ్యి’ అని మీ అత్తగారు పట్టుబడుతున్నారు. ఏం చేయాలన్నది మీ ప్రశ్న.

సగం చేయకండి. నేను ఏలూరులో 16 ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. ఈ సగం మాత్ర పేచీ వారానికి ఒకసారైనా మా కౌంటరు దగ్గరకు వస్తుంది.

625లో అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు, క్లావులానిక్ యాసిడ్ 125. మీ డాక్టరు రాసిన ప్రకారం బాబుకు రోజుకు 1000 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్ అందుతుంది. దాన్ని 36తో భాగిస్తే కిలోకు దాదాపు 28. పిల్లలకు ఈ మందు మామూలుగా రోజుకు కిలోకు 25 నుంచి 45 వరకు ఇస్తారు. అంటే డాక్టరు రాసింది ఎక్కువ డోసు కాదు, ఆ హద్దుల్లో కింది అంచుకు దగ్గరగా ఉంది. మీరు సగం చేస్తే కిలోకు 14 అవుతుంది. క్రిములు చావవు, జ్వరం ఒకటి రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది.

మీ అత్తగారిని తప్పు పట్టలేను. పాత ఫార్మసీ పుస్తకాల్లో యంగ్ సూత్రం అని ఒకటి ఉండేది: పిల్లల వయసును, ఆ వయసుకు 12 కలిపిన మొత్తంతో భాగించి, పెద్దల డోసులో అంత వంతు ఇవ్వాలి. 11ను 23తో భాగించి చూడండి, సగానికి కాస్త తక్కువ వస్తుంది! మేమూ చదువుకునే రోజుల్లో దాన్ని బట్టీ పట్టాం. కానీ పిల్లవాడంటే సైజు తగ్గించిన పెద్దమనిషి కాదు. వాళ్ల మూత్రపిండాలు కిలో లెక్కన చూస్తే ఈ మందును పెద్దవాళ్లకంటే వేగంగా బయటకు పంపేస్తాయి. అందుకే కిలోకు ఎక్కువ మందు కావాలి. 20 కిలోల పిల్లవాడికి కిలోకు 45 చొప్పున 900 మిల్లీగ్రాములు, 40 కిలోలకు 1800. పెద్దవాళ్లకు 625 మూడు పూటలా ఇస్తే 1500. చూశారా, 40 కిలోలు వచ్చేసరికి పిల్లల లెక్క పెద్దల లెక్కను అందుకుంటోంది. ఆ బరువు నుంచి ఈ మందుకు పెద్దల డోసే. మీ బాబు ఆ గీతకు నాలుగు కిలోల ఇవతల ఉన్నాడు, అంతే.

గీతను నిర్ణయించేది బరువు, వయసు కాదు. ఒకే వారంలో మా దుకాణానికి 46 కిలోల తొమ్మిదేళ్ల పాప, 31 కిలోల పద్నాలుగేళ్ల అబ్బాయి వచ్చారు. పాపకు కిలోల లెక్క కడితే పెద్దల గరిష్ఠ డోసు కూడా దాటిపోతుంది, కాబట్టి పెద్దల డోసు దగ్గర ఆపాలి. అబ్బాయికి మీసాలు మొలుస్తున్నా లెక్క కిలోల్లోనే. చీటీ మీద వయసు రాస్తారు, బరువు రాయడం మరచిపోతారు. పోయిన వేసవిలో తూచిన బరువు చెప్పకండి, ఈ వయసులో ఏడాదికి నాలుగైదు కిలోలు ఇట్టే పెరుగుతారు.

ఇంకో పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. మా అక్క కూతురికి 625 రాస్తే, వాళ్ల ఊళ్లో ఒక దుకాణంలో అది అయిపోయిందని ‘375 రెండు వేసుకుంటే సరి’ అని ఇచ్చారు. సరి కాదు. 375లో అమాక్సిసిలిన్ 250 అయినా, క్లావులానిక్ యాసిడ్ మాత్రం అదే 125. రెండు కలిస్తే క్లావులానిక్ రెట్టింపు. విరేచనాలు తెచ్చేది ఎక్కువగా అదే. పాప మూడు రోజులు బడికి పోలేదు. అక్క ఫోను చేసి మందు పడలేదు అంటే, స్ట్రిప్పు ఫోటో పంపమన్నాక గాని నాకు విషయం తెలియలేదు. నన్ను ముందే ఒక మాట అడగలేదని ఇప్పటికీ కోపమే.

40 అన్న గీతను మిగతా మందులకు అంటగట్టకండి. డాక్సీసైక్లిన్‌కు అది 45 కిలోలు. అజిత్రోమైసిన్ కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే 50 కిలోల దగ్గర పెద్దల డోసైన 500కు చేరుతుంది.

బాబుకు అంత పెద్ద మాత్ర మింగడం కష్టమైతే, డాక్టరుకు ఫోను చేసి బరువు చెప్పి, 457 సిరప్‌గా మార్చవచ్చేమో అడగండి. అందులో 5 మిల్లీలీటర్లకు అమాక్సిసిలిన్ 400, కాబట్టి పూటకు 6 మిల్లీలీటర్లు దాటుతుంది. 30 మిల్లీలీటర్ల సీసాలు మూడు పడతాయి. ఒకటి అయ్యాకే మరొకటి నీళ్లతో కలపండి, కలిపింది ఫ్రిజ్‌లో పెట్టండి. మాత్రే వేస్తే అన్నం మొదటి రెండు ముద్దలు తినగానే వేయండి, కడుపులో తిప్పడం తగ్గుతుంది. ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ముఖం వాచినా, ఆయాసం వచ్చినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.